కుంచెతో మూడు దెబ్బలు

మా మేనత్త తిరుపతమ్మకు గద్వాలలో ఉన్న ఆస్తి రెండే. ఒకటి గుంట మగ్గం. రెండోది నెలకొక రోజు వీధి.

వీధి ఎట్లా ఆస్తి అవుతుందో, రాజోలి దగ్గరి మా ఊరి నుంచి వచ్చిన కొత్తలో నాకూ అర్థం కాలేదు. నేసే ముందు నూలు పడుగుకు గంజి పట్టించాలి. నాలుగు చీరల పడుగంటే యాభై మూరల పైనే. అంత పొడుగు ఏ ఇంట్లోనూ పట్టదు. వీధిలో కర్రలు నాటి, పడుగును నడుమెత్తున బిగించి, ఎండ రాకముందే గంజి పెట్టి, ఆరేదాకా కుంచెతో దువ్వుతూనే ఉండాలి. మా వీధిలో వంకర లేకుండా అంత పొడుగున్న చోటు ఒక్కటే, బాలస్వామి ఇంటి అరుగు నుంచి చేదబావి దాకా. మగ్గాలున్న ఇళ్లు ఇరవై ఎనిమిది. అందుకని రోజుకొక ఇంటికి వంతు. ఏ ఇంటి వంతు ఎప్పుడో వీధిపెద్ద బాలస్వామి చెబుతాడు. ఒక వంతు పోయిందంటే మళ్లీ నెల దాకా పడుగు ఉండదు. పడుగు లేకపోతే మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చోవడం తప్ప చేసేదేమీ లేదు.

మా మామ పోయి అప్పటికి ఆరేళ్లు. అత్తకు పిల్లలు లేరు. గద్వాల చీరకు పట్టు అంచు వేరు, నూలు నడుమ వేరు, అందుకే మగ్గం మీద ఇద్దరుండాలి. ఏడో తరగతి అయిపోయి ఇంట్లో ఊరికే ఉన్న నన్ను మా నాయన ఆమె దగ్గరికి పంపించాడు. మండలాలు కొత్తగా వచ్చిన ఏడు అది. ఆ మరుసటి ఎండాకాలం మొదట్లో జరిగిన సంగతి ఇది.

అత్త నాకు మొదటి రోజే చెప్పిన మాట: "తడి పడుగు మీది చెయ్యి తియ్యొద్దు పిల్లా. ఇంటికి నిప్పంటుకున్నా సరే, గంజి ఆరినంకనే పోయి ఆర్పుకోవాలె."

ఆమె ఎగతాళిగా అన్నదనుకున్నాను. కాదు. దువ్వడం ఆపితే తడి దారాలు ఒకదానికొకటి అంటుకుని అప్పడంలా అవుతాయి. ఆ ముక్క ఇక నేతకు పనికిరాదు.

మా వీధికంతటికీ పడుగులు అతికేవాడు అంజన్న. మగ్గం మీద మిగిలిన పాత పడుగు కొసలకు కొత్త పడుగు దారాలు ఒక్కొక్కటే అతకాలి. వేల దారాలు. చిన్న డబ్బాలో బూడిద పెట్టుకుని, వేళ్లకు అద్దుకుని, రెండు కొసలు కలిపి ఒక్క మెలి తిప్పేవాడు. ముడి ఎక్కడుందో చూపించమంటే ఆయనే వెతుక్కోవలసి వచ్చేది. వయసు నలభై అయిదు పైనే. పెళ్లి చేసుకోలేదు. ఏ ఇంట్లో అతుకుతుంటే ఆ ఇంట్లో తినేవాడు. కూర బాగుందని గాని బాగాలేదని గాని ఎన్నడూ అనలేదు. వీధిలో పడుగు వేసిన రోజు కూడా వచ్చేవాడు, తెగిన దారాలు అతకడానికి.

ఇక పాండు. బాలస్వామి చెల్లెలు బుజ్జమ్మ కొడుకు. ఇరవై నాలుగేళ్లుంటాయి. మగ్గం మీద కూర్చోడు, పొద్దున లేస్తే తాలింఖానాకు పోయి కుస్తీ పడతాడు. శ్రీరంగాపూర్ జాతరలో కుస్తీ గెలిచి వెండి కడియం తెచ్చుకున్నాడు. ఆ కడియం వచ్చినప్పటి నుంచి ఒక ఆట మొదలుపెట్టాడు. ఎవరు ఎదురొచ్చినా "చెయ్యి కలుపు" అంటాడు. కలిపితే పిసుకుతాడు. వయసు పిల్లలు తిరిగి పిసికేవాళ్లు, బూతులు తిట్టేవాళ్లు. వాళ్లతో ఆట తొందరగానే చప్పబడింది. మిగిలింది అంజన్న.

అంజన్న చెయ్యి పట్టుకుని, "పహిల్వాన్ ఎవరు?" అని అడిగేవాడు.

"నువ్వే అన్నా" అనాలి. ఇరవై ఏళ్లు చిన్నవాడిని అన్నా అనాలి. ఒకసారి చెబితే వినపడలేదనేవాడు. అంజన్న మోకాళ్లు వంగేదాకా, కళ్లలో నీళ్లు తిరిగేదాకా వినపడేది కాదు. తరువాత వదిలి, భుజం తట్టి పోయేవాడు. అంజన్న కాసేపు వేళ్లు విదిలించుకుని, బూడిద డబ్బా తెరిచేవాడు.

అయిదు నెలలు ఇది వీధి అంతా చూసింది. నేనూ చూశాను. మొదట్లో నవ్వేవాళ్లు. తరువాత తల తిప్పుకునేవాళ్లు. అత్త కూడా తిప్పుకునేది. ఒకరోజు నేను అడిగితే, "మన వంతు ఎవరి చేతుల ఉందో తెల్సు గదనే" అన్నది. అంతే. ఆ తరువాత నేను అడగలేదు.

ఆ రోజు మా వంతు. తెల్లవారకముందే కర్రలు నాటి పడుగు బిగించాం. బావి వైపు కొస దగ్గర పక్కింటి జోగులమ్మ గంజి కుండ పట్టుకుని ఉంది. అంజన్న పడుగు పక్కన నడుస్తూ తెగిన దారాలు చూస్తున్నాడు. అత్త ఒక పక్క, నేను ఒక పక్క. కుంచె మూరెడు పొడుగుంటుంది, రెండు కొసలకూ పిడి. చెరో పిడి పట్టుకుని, పడుగు మీద ఒత్తి, ఈ కొస నుంచి ఆ కొసకు లాగుతూ నడవాలి. అప్పటికి నాలుగుసార్లు తిరిగాం. ఇంకా పది పదిహేనుసార్లు తిరగాలి.

పాండు తాలింఖానా నుంచి వస్తున్నాడు. ఒంటికి ఎర్రమట్టి, భుజం మీద తువ్వాల.

"ఏం అంజీ, పొద్దుగాల్నే పనిల పడ్డవా? చెయ్యి కలుపు."

"తడి పడుగు పాండన్నా. దారం చేతుల ఉంది. జర ఆగినంక కలుపుత."

"పడుగు తిరుపతమ్మది. చెయ్యి నీదే గద."

జోగులమ్మ బావి దగ్గర నుంచి అరిచింది. "పోరా నాయనా, ఎండొస్తుంది! మాకు పని ఉంది."

"నీ చెయ్యి అడగలే పెద్దమ్మా. నీది పిసికితే నాకే గంజి అంటుతది" అన్నాడు పాండు. బావి దగ్గర పళ్లు తోముకుంటున్న ఎల్లన్న నవ్వాడు. అంతలోనే పాండు అంజన్న కుడిచెయ్యి అందుకున్నాడు.

"పహిల్వాన్ ఎవరు?"

"నువ్వే అన్నా."

"ఇనపడలే."

"నువ్వే అన్నా. ఇడువు."

మేము కుంచె లాగుతూనే ఉన్నాం. వాళ్లిద్దరూ అత్త వైపున్నారు, నాలుగడుగుల ముందు. ఒక్కొక్క అడుగే దగ్గరవుతున్నాం. పాండు ఆ రోజు పిసకడం కాదు, ఉంగరపు వేలు ఒక్కదాన్నే పట్టుకుని వెనక్కు వంచుతున్నాడు. అంజన్న రెండో చేతిలోని దారం కొసను మాత్రం వదల్లేదు. అది పడిపోతే మళ్లీ దొరకదని ఆయనకు తెలుసు. మోకాళ్ల మీద కూర్చుని, ఆ దారాన్ని పైకెత్తి పట్టుకున్నాడు.

"ఇరుగుతది అన్నా, ఇరుగుతది. వేళ్లే నా తిండి."

"ఇరగది. నేను చూసుకుంట గద. పహిల్వాన్ ఎవరు?"

టప్‌మని చిన్న చప్పుడు. ఎండు పుల్ల విరిచినట్లు. అంజన్న అరవలేదు. నోరు మాత్రం తెరిచాడు.

అత్త ఆగింది. కుంచె పడుగు మీదే ఉంది. నా వైపు చూసింది. ఆ చూపు ఎంతసేపుందో చెప్పలేను, గంజి ఆరేంతసేపు మాత్రం కాదు. నేను నా వైపు పిడి వదిలాను.

కుంచె లేచింది. వెనక చెక్క ఉన్న వైపు పాండు మోచేతి కింద తగిలింది. పాండు "అమ్మా" అని అంజన్నను వదిలేశాడు. అత్త రెండోసారి వీపు మీద వేసింది. అతను తిరిగాడు. మూడోది కుచ్చు వైపు, గంజితో సహా చెంప మీద పడింది. అప్పటికి జోగులమ్మ యాభై మూరలు పరుగెత్తుకొచ్చి, కుండలో మిగిలిన గంజి నెత్తిన గుమ్మరించింది.

పాండు ఒక్క నిమిషం అట్లాగే నిలబడ్డాడు. ముక్కు మీద నుంచి గంజి కారుతోంది. చుట్టూ చూశాడు. వీధిలో అరుగుల మీదికి అందరూ వచ్చారు. ఎవరూ నవ్వలేదు. ఎవరూ తల తిప్పుకోలేదు. అతను ఏదో అనబోయి, గంజి నోట్లోకి పోయి, ఉమ్మి, ఇంటివైపు నడిచాడు.

"పిల్లా, పడుగు!" అని అత్త అరిచింది.

అప్పటికే నడుమ నాలుగు మూరలు అంటుకుపోయాయి. నీళ్లు చల్లి, వేళ్లతో విడదీసి, మళ్లీ పలచని గంజి పెట్టి, మధ్యాహ్నం దాకా దువ్వాం. జోగులమ్మ ఒక పక్క కూర్చుని దారాలు విడదీస్తూ, "వాని నెత్తిన పోసిన గంజి ఉంటే సరిపోతుండె" అని బాధపడింది. పడుగు దక్కింది. అంజన్న వేలు మాత్రం మామిడికాయ టెంకలా ఉబ్బింది. ఎల్లన్న ఆయనను సైకిలు మీద ఎక్కించుకుని దవాఖానకు తీసుకెళ్లాడు.

సాయంత్రం బాలస్వామి అరుగు మీద కూర్చుని అందరినీ పిలిపించాడు. అరవై దాటిన మనిషి. కళ్లజోడు దారంతో చెవులకు కట్టుకుని ఉంటాడు. ఆయన పక్కన పాండు. తలస్నానం చేసి వచ్చినా, చెవుల వెనక గంజి ఆరి తెల్లగా మెరుస్తోంది. బుజ్జమ్మ నిలబడే ఉంది.

"మొగపిల్లగాన్ని, ఆడది, గంజి కుంచెతోని! నలుగురు చూస్తుండంగ! ఏడాది వంతు తీసెయ్యాలె అన్నా. ఏడాది!"

"ఏడాది తీసేస్తే నా మగ్గంల సాలెపురుగులు నేసుకుంటయి వదినా" అన్నది అత్త. గొంతు మామూలుగానే ఉంది. కాని పక్కన కూర్చున్న నాకు ఆమె వేళ్లు కొంగును మెలి తిప్పుతుండడం కనిపిస్తోంది. ఏడాది అవసరం లేదు. నాలుగు నెలలు వంతు లేకపోయినా మగ్గం అమ్ముకోవాలి, నేను మా ఊరికి పోవాలి.

"నువ్వు కొట్టినవా లేదా?" అని బాలస్వామి అడిగాడు.

"కొట్టిన బావా."

"ఎందుకు కొట్టినవ్?"

"అంజన్న వేలు ఇరుస్తుండు."

"అంజన్న నీకేమైతడు?"

"ఏం కాడు. మా పడుగు అతుకుతడు."

"అందరివీ అతుకుతడు" అని వెనక ఎవరో అన్నారు.

ఎల్లన్న గొంతు సవరించుకున్నాడు. ఆయన వీధిలో మర్యాదస్తుడు. "కొట్టుడు తప్పే. గట్ల ఎవరికి వాళ్లే కొట్టుకుంటపోతే పెద్దోళ్లు ఎందుకు? అన్నను పిలిస్తే రాడా? అరుగు ఎంత దూరం?"

"నువ్వు బావి కాడనే ఉంటివి గద ఎల్లన్నా, పండ్లు తోముకుంట" అన్నది జోగులమ్మ. "ఎందుకు పిలువలే? నోట్ల పుల్ల ఉండెనా?"

అందరూ నవ్వారు. ఎల్లన్న కూడా, కొంచెం ఆలస్యంగా. "నాకేం తెల్సు గంత దూరం పోతదని" అన్నాడు మెల్లగా.

బాలస్వామి అంజన్నను పిలిచాడు. వేలికి కట్టు, చెయ్యి గుండెకు ఆనించుకుని వచ్చాడు.

"అంజన్నా, నువ్వు అడిగినవా వీన్ని కొట్టమని?"

"అడగలే."

"పాండుగాడు నీకు నొప్పి పెట్టిండా?"

అంజన్న పాండు వైపు చూశాడు, నేల వైపు చూశాడు. "ఎప్పటి ఆటనే" అన్నాడు.

అత్త కొంగు వదిలేసింది. బుజ్జమ్మ, "ఇన్నవా అన్నా? ఆటనంట!" అన్నది. అత్త అంజన్న వైపు కోపంగా చూస్తుందనుకున్నాను. చూడలేదు. అసలు ఎటూ చూడలేదు. వేలు విరిగినవాడే ఆట అంటే ఇక కొట్టినవాళ్లకు ఏం మిగిలింది?

ఇమామ్ సాహెబ్ ఆ వేళకు పట్టు దారపు లడీలు ఇవ్వడానికి వచ్చి సైకిలు పట్టుకుని ఆగి ఉన్నాడు. వీధికంతా ఆయనే పట్టుకు రంగు అద్దుతాడు. ఆయన చేతులు మోచేతుల దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగులో ఉంటాయి. ఆ రోజు దానిమ్మ రంగు.

"బాలస్వామి సాబ్, నేను వీధి బయటోన్ని. ఒక్క మాట చెప్పుకోవచ్చా?"

"చెప్పు సాహెబూ."

"ఆట అయితే ఒక్కసారన్న అంజన్న గెలవాలె గద. వారానికి రెండుసార్లు వస్త నేను. ఎన్నడు చూడలే."

"చేతుల బలం లేనోడు ఎట్ల గెలుస్తడు?" అన్నాడు పాండు.

అనేశాక గాని అతనికి తెలిసినట్లు లేదు తానేమన్నాడో. బాలస్వామి కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని మేనల్లుడి వైపు చూశాడు. తరువాత, "దగ్గర్నుంచి చూసినోళ్లు ఎవరు?" అన్నాడు.

దగ్గరున్నది నేనే. అప్పటిదాకా ఆ అరుగు ముందు నేనెప్పుడూ నోరు తెరవలేదు. లేచి నిలబడ్డాను.

"నేను చూసిన మామా."

"నువ్వు ఆమె ఇంటి పిల్లవు."

"అవును. అయినా చూసిన."

"చెప్పు. ఎన్ని దెబ్బలు?"

"మూడు."

అత్త నా వైపు తల తిప్పింది. నేను చెప్పుకుంటూ పోయాను, ఆగితే ఇక చెప్పలేనని. "మొదటిది మోచేతి కింద. అది పడ్డంకనే అంజన్న చెయ్యి ఇడిచిండు. దానికి ముందు అంజన్న ఇడువుమన్నడు, ఇరుగుతదన్నడు. ఇడువలే. వేలు చప్పుడయింది. చప్పుడయినంక గూడ ఇడువలే."

"తర్వాత?"

"రెండోది వీపుల. మూడోది చెంప మీద. అవి ఇడిచినంక."

గుంపులో గుసగుసలు మొదలయ్యాయి. బుజ్జమ్మ, "ఆ! ఇడిచినంక!" అన్నది.

"ఇంకోటి ఉంది మామా" అన్నాను. "కుంచెకు రెండు పిడులుంటయి. ఒకటి నా చేతుల ఉండె. నేను ఇడువకపోతే అత్త లేపలేకపోతుండె. నన్ను చూసింది, నేను ఇడిచిన. కుంచె ఎందుకు లేస్తుందో నాకు తెల్సు. మొదటి దెబ్బ నాది గూడ."

"మరి మిగిలిన రెండు?"

"అప్పుడు కుంచె అత్త చేతులనే ఉండె."

ఎవరో ఫక్కున నవ్వారు. ఇమామ్ సాహెబ్ సైకిలు గంట మీద చెయ్యి పడి అది మోగింది. బాలస్వామి మీసం కింద పెదవి కదిలింది గాని నవ్వు బయటికి రానివ్వలేదు.

"తిరుపతమ్మా, మొదటిది అర్థమయింది. చెయ్యి ఇడిచినంక రెండోది ఎందుకు?"

అత్త నిలబడింది. అబద్ధం చెప్పడానికి ఆమెకు ఎన్నో దారులున్నాయి. భయమేసిందని అనవచ్చు, తిరిగి మీదికి వచ్చాడని అనవచ్చు.

"చెయ్యికి బాగనిపించింది బావా" అన్నది.

"మూడోది?"

"అయిదు నెలలది."

ఈసారి వీధి అంతా నవ్వింది. నవ్వు తగ్గేదాకా బాలస్వామి ఆగాడు. తరువాత తీర్పు చెప్పాడు. ఆయన ఎప్పుడూ చెప్పేది అంత పొడుగ్గా ఉండదు.

"పట్టిన చెయ్యి ఇడిపిచ్చెటందుకు కొట్టింది తప్పు గాదు. నేనున్నా, ఎల్లన్న ఉన్నా కొట్టాల్సిందే. కొట్టకపోయింది మా తప్పు. ఇడిచినంక కొట్టింది కోపం. కోపానికి లెక్క ఉంటది. రెండు దెబ్బలు, రెండు వంతులు. వచ్చే నెల, ఆపై నెల తిరుపతమ్మ ఇంటికి వీధి లేదు."

బుజ్జమ్మ ఏదో అనబోయింది. ఆయన చెయ్యి ఎత్తాడు.

"పాండూ, ఇంక మీద ఎవరి చెయ్యన్న వాళ్లు ఇస్తేనే పట్టుకోవాలె. వీధిల ఇరవై ఎనిమిది కుంచెలున్నయి. మళ్లోసారి దెబ్బలు లెక్కపెట్టనీకె నన్ను పిలవకుండ్రి."

ఇంటికి వచ్చాక అత్త పొయ్యి దగ్గర కూర్చుంది. రొట్టె కాలుస్తూ, "ఒక్కటే కొట్టింది అంటే ఏమైతుండెనే?" అన్నది.

"మూడు కొట్టినవ్ గద అత్తా."

"కొట్టిన." రొట్టె తిరగేసింది. "మూడోది మంచిగ తగిలింది గాదూ?"

"తగిలింది."

ఇద్దరం నవ్వుకున్నాం. కాని రెండు నెలలు తక్కువేమీ కాదని ఇద్దరికీ తెలుసు. ఉన్న పడుగు నెలరోజులకు వస్తుంది. ఆ తరువాత ఏమిటని ఆ పూట ఇద్దరమూ అనలేదు. నాకు మాత్రం పడుకున్నాక కూడా ఆ మూడు దెబ్బలే మనసులో తిరిగాయి. మొదటి దాని గురించి నాకు అనుమానం లేదు, ఇప్పటికీ లేదు. దాని ముందరి అయిదు నెలల గురించే ఉంది.

మర్నాడు అంజన్న వచ్చాడు. గడప దగ్గరే నిలబడ్డాడు. కొత్త పడుగు అతకాలి. అత్త చాప వేసింది గాని మాట్లాడలేదు. ఆయన కూర్చుని, ఎడమచేత్తో బూడిద డబ్బా తెరిచాడు. నేను రెండు కొసలు అందిస్తుంటే, మిగిలిన వేళ్లతో మెలి తిప్పాడు. మామూలుగా ఒక పూటలో అయ్యేది ఆ రోజు పొద్దుగూకేదాకా సగం కూడా కాలేదు. పనంతా అయ్యేసరికి మూడు రోజులు పట్టింది. రెండో రోజు మధ్యాహ్నం తల ఎత్తకుండానే అన్నాడు.

"తిరుపతమ్మా, అడగలే అన్న. నిజమే గద, అడగలే. అడుగుడు నాకు చాతగాదు."

అత్త పేక దారం నడిపే నాడెలో కండె పెడుతూ ఆగింది. "అడగకపోతే వేరే. ఆట అంటివి ఎందుకు?"

"వాడు ఆడనే ఉండె."

సాయంత్రం అత్త ఆయనకు రొట్టెలోకి గుమ్మడికాయ కూర పెట్టింది. ఆయన తిని, చెయ్యి కడుక్కుని, "కూర బాగుంది" అన్నాడు. అత్త నా వైపు చూసింది, నేను అత్త వైపు చూశాను.

నెల తిరిగింది. మా వంతు రోజున వీధి ఖాళీగా ఉంది. తెల్లవారితే జోగులమ్మ వంతు. ఆ సాయంత్రం ఆమె గోడ మీది నుంచి తొంగి చూసి, "మా ఇంట్ల పెండ్లి పనులు తిరుపతమ్మా. పడుగు తయారు కాలే. రేపు వీధి ఊరికే పోతది, మీరు ఏసుకోండ్రి" అన్నది.

"బావ ఒప్పుకుంటడా?"

"అడిగిన. 'నేను తిరుపతమ్మ వంతు తీసిన, నీ వంతు సంగతి నాకెందుకు' అన్నడు."

పడుగు వేసుకున్నాం. బాలస్వామి ఆ పొద్దంతా తన అరుగు మీదే కూర్చున్నాడు, మా పడుగుకు రెండు గజాల దూరంలో. ఒక్కసారి కూడా మమ్మల్ని చూసినట్లు కనిపించలేదు. పాండు తాలింఖానా నుంచి వస్తూ ఆగాడు. అంజన్న దారం అతుకుతున్నాడు. పాండు పడుగును చుట్టుకుని, బావి అవతలి సందులోంచి పోయాడు.

రెండో నెల వచ్చేసరికి అడగడానికి మాకు ఎవరూ మిగల్లేదు. ఎండలు ముదిరాయి, పెళ్లిళ్ల కాలం, అందరి పడుగులూ సిద్ధంగా ఉన్నాయి. మగ్గం మీద నేయాల్సింది మూరెడే మిగిలి ఉంది. అత్త ఆ మూరెడూ నెమ్మదిగా నేస్తోంది. నేను ఒక సంచిలో బట్టలు సర్ది పెట్టుకున్నాను, ఒక నెల మా ఊరికి పోయి వద్దామని.

మధ్యాహ్నం బుజ్జమ్మ వచ్చింది. తీర్పు రోజు తరువాత ఆమె మా గడప తొక్కడం అదే మొదలు. అత్త లేవలేదు. గుంటలో కూర్చునే, "రా వదినా" అన్నది. బుజ్జమ్మ స్తంభానికి ఆనుకుని కూర్చుంది. కాసేపు చీర అంచును చూసింది. రంగు బాగుందన్నది. ఎండ గురించి చెప్పింది. బావి నీళ్లు అడుగంటాయన్నది. అత్త అన్నింటికీ ఊ కొట్టింది.

"శుక్రవారం నా వంతు" అన్నది బుజ్జమ్మ.

"తెల్సు."

"నాకు వొద్దు. నువ్వు ఏసుకో."

అత్త నాడె కింద పెట్టింది. "నీ మగ్గం?"

"నా మగ్గానికి ఇంక పది రోజుల పని ఉంది. తొందర లేదు." అబద్ధమే. ముందు రోజే ఆమె పడుగు చుట్ట అరుగు మీద ఉండడం నేను చూశాను.

అత్త ఆమె ముఖంలోకి చూసింది. బుజ్జమ్మ తన చేతుల వైపు చూసుకుంది.

"నా చెయ్యి గూడ పిసికిండు వదినా, కడియం వచ్చిన కొత్తల. పహిల్వాన్ ఎవరు చెప్పమ్మా అని. ఆటకే. నేసే చెయ్యి గద, నాలుగు రోజులు నాడె ఇసరరాలే. ఎవరికి చెప్పుకుంట? కన్నకొడుకు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఆ పొద్దు నేను గంత లొల్లి చేసిన. పది మందిల చెయ్యకపోతే ఎట్ల, తల్లిని గద. ఇప్పుడు వాడు ఎవరి జోలికి పోతలేడు. ఇంట్ల గూడ."

"కూసో, నీళ్లు తాగు" అన్నది అత్త.

నేను చెంబుతో నీళ్లు ఇచ్చాను. బుజ్జమ్మ తాగి, చెంబు పక్కన పెట్టి, లేచింది. గడప దాకా పోయి వెనక్కు తిరిగింది.

"ఒక్కటి అడుగుత. మొదటి దెబ్బ గట్టిగనే కొట్టినవా?"

"గట్టిగనే కొట్టిన."

"మంచిది" అన్నది బుజ్జమ్మ. "శుక్రవారం పొద్దుగాల్నే కర్రలు పాతుకోండ్రి. ఎండలు బాగున్నయి, తొందరగ ఆరుతది."

ఆమె పోయాక అత్త గుంటలో నుంచి పైకి వచ్చింది. నా సంచి వైపు చూసి, దాన్ని విప్పి బట్టలు మళ్లీ దండెం మీద వేసింది. తరువాత చేట తీసుకుని వాకిట్లో కూర్చుని, గంజి కోసం నూకలు చెరగడం మొదలుపెట్టింది. "పోయి అంజన్నకు చెప్పిరా పిల్లా" అన్నది. "శుక్రవారం అని చెప్పు. గుమ్మడికాయ ఉందని గూడ చెప్పు."